ఎడమవైపు కనిపించలేదు

మందు ఎక్కించిన ఐదో నిమిషాన ఎక్స్‌రే ఫిల్ము తీశాక లీలమ్మ, గుండయ్య పొత్తికడుపు మీద బిగించిన పట్టీ కింద రెండు వేళ్లు దూర్చి చూసింది. పట్టీ వదులు కాలేదు. దాని కింద గుడ్డ ఉండలు రెండున్నాయి, మూత్రం కిందికి దిగే నాళాలను కాసేపు నొక్కి పట్టడానికి. చేతి నరంలోకి ఎక్కించిన మందు రక్తంలో తిరిగి మూత్రపిండాలకు చేరి, అక్కడ నిలబడితేనే ఫిల్ము మీద తెల్లగా పడుతుంది.

“నోరంత ఇనుము నాకినట్టున్నది సిస్టరమ్మా.”

“గట్లనే ఉంటది. జరసేపట్ల పోతది. కదలకు.”

గుండయ్య కదలలేదు. అఫ్జల్‌గంజ్ గల్లా మండీలో పన్నెండేళ్లుగా ధాన్యం బస్తాలు మోస్తున్న మనిషి. మెడ కింద బస్తా కూర్చునే చోట చర్మం కాయ కాచి, వీపు బల్లకు సరిగా ఆనడం లేదు. రెండు నెలలుగా ఎడమ డొక్కలో నొప్పి లేస్తే మండీలోనే నేలమీద పడి పొర్లుతున్నాడు. పని ఎగ్గొట్టే వేషమని మేస్త్రీ అన్నాడట. మూత్రంలో రక్తం పడ్డాక గాని దవాఖానకు రాలేదు.

శాలిబండ ఎత్తు మీది ఆ సర్కారు దవాఖానలో ఎక్స్‌రే గది ఒకప్పుడు ఏదో నవాబు దేవిడీలోని గుర్రాల సాల. కిటికీల అద్దాలకు నల్లరంగు పూశారు. ఏప్రిల్ ఎండకు పైన రేకులు టపటపమంటున్నాయి. పది గంటలకు వార్డుల్లో పంకాలన్నీ తిరగడం మొదలయితే కరెంటు బలం పడిపోతుంది, ఫిల్ములు పలచగా వస్తాయి. అందుకే లీలమ్మ ఇలాంటి పనులు పొద్దున్నే పెట్టుకుంటుంది. అటెండరు శివయ్య అప్పటికే సైకిలు మీద మంచుగడ్డ తెచ్చి, గోనెసంచి విప్పి, ఊక కడిగి, చీకటిగదిలో డెవలపర్ తొట్టి చుట్టూ పేర్చాడు. మంచు కరిగేలోగా పని ముగియాలి. కరిగితే ఫిల్ము మీది పొర వేడికి ఉబ్బి జారిపోతుంది.

పదిహేనో నిమిషంది చిన్న ఫిల్ము, మూత్రపిండాలుండే భాగం మేరకు మాత్రమే. తర్వాత పట్టీ విప్పింది. ముప్పయ్యో నిమిషానికి పెద్ద ఫిల్ము పెట్టింది.

“ఊపిరి తీస్కో. ఇడువు. ఇడిసి బిగపట్టు.”

మీట నొక్కింది. యంత్రం మూలిగింది.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ఫిల్మును క్లిప్పులకు తగిలించి తొట్టిలో ముంచి, గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలు. కడిగి, హైపోలో వేసి, తెల్లబడ్డ పొర తేటపడ్డాక పైకెత్తి లైటు పెట్టెకు ఆనించింది.

కుడివైపు అంతా సరిగానే ఉంది. మూత్రపిండంలో మూత్రం చేరే గిన్నెలు తెల్లగా నిండి, సన్నదారంలా నాళం కిందికి దిగింది. ఎడమవైపు గిన్నెలు లేవు. నాళం లేదు. లీలమ్మ ముఖం ఇంకా దగ్గరికి పెట్టింది. ఫిల్ము మీది నీళ్లు మోచేతి దాకా కారుతున్నా పట్టించుకోలేదు. గిన్నెలు లేవు గాని, ఎడమ మూత్రపిండం మొత్తం, అంచు నుంచి అంచు దాకా, పాలు కలిపిన నీళ్ల రంగులో ఉంది. కుడిదానికంటే పెద్దగా, కుడిదానికంటే తెల్లగా.

డాక్టర్ విఠల్‌రావు తొమ్మిదిన్నరకు వచ్చాడు. పొద్దున మందు ఎక్కించి పోయింది కూడా ఆయనే. ఛాతీ వార్డు, బయటి రోగులు, ఎక్స్‌రే, మూడూ ఆయన నెత్తిమీదే ఉన్నాయి. లైటు పెట్టె దాకా రాకుండానే, తడి ఫిల్మును తలుపు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

“ఎడమది రాలేదు,” అన్నాడు. “ఖతం అయింది అది.”

“సార్, జర లైటు మీద చూడుండ్రి. గుర్ద అంత తెల్లబడ్డది. సచ్చిపోతే గట్ల తెల్లబడదు గద సార్? మందు గుంజుకుంటున్నది, కిందికి ఇడుస్తలేదు. నడుమ ఏదో అడ్డం పడ్డది. రెండు గంటలాగి ఇంకొక్కటి తీస్త.”

“పెద్ద ఫిల్ములు ఎన్నున్నయి?”

“ఐదు డబ్బలు.”

“మల్ల ఎప్పుడొస్తయో తెల్సా?”

లీలమ్మకు తెలియదు. ఎవరికీ తెలియదు. హైదరాబాదు, ఆంధ్ర కలిసి కొత్త రాష్ట్రం వచ్చి ఆరు నెలలు కాలేదు. ఫిల్ముల అర్జీ ఏ ఆఫీసుకు పోవాలో తేలక మూడుసార్లు తిరిగి వచ్చింది. రోగికి నాలుగే ఫిల్ములు, అంతకు మించితే డాక్టరు సంతకం ఉండాలి. ఆ నియమం రాసిన కాగితం గోడ మీద అంటించి ఉంది.

“టీబీ వార్డోళ్లు రోజు పది ఛాతివి అడుగుతున్నరు. వాళ్లకు లేదనాల్నా?” విఠల్‌రావు ఫిల్మును ఆమె చేతికిచ్చాడు. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. “తీసుడు నీ పని లీలమ్మా. చూసుడు నా పని. ఎవరి పని వాళ్లు చేస్తేనే నడుస్తది.”

నిలబడే ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాడు. ఎడమ మూత్రపిండం కనిపించలేదు. పని చేయుట లేదు. ఆపరేషన్ చేసి తీసివేయుటకు సర్జన్ గారికి పంపడమైనది.

లీలమ్మ లోపలికి వెళ్లి గుండయ్యను చెయ్యి పట్టి లేపింది. అతను తావీజు మళ్లీ మెడలో వేసుకుంటూ అడిగాడు.

“అయిపోయిందా సిస్టరమ్మా?”

“అయిపోయింది,” అంది.

అన్న తర్వాత ఆ మాట నచ్చలేదు. మందు ఇంకా అతని ఒంట్లోనే ఉంది. ఇంకో రెండు గంటలు బల్ల పక్కన కూర్చోబెడితే చాలు. సంతకం లేని ఫిల్ము ఒక్కటి. ఆమె చెయ్యి ఫిల్ము డబ్బా దాకా వెళ్లి, మూత మీద కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది. సాయంత్రం దాకా ఛాతీ ఫిల్ములు తీస్తూనే ఉంది గాని, ఎన్ని తీసిందో అడిగితే చెప్పలేకపోయేది.

మంగళవారం పొద్దున వార్డుకు వెళ్లింది. ఆమెకు అక్కడ పనిలేదు. ఎడమవైపు మూడో మంచం మీద గుండయ్య మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని పడుకున్నాడు. నొప్పి అప్పుడే ఒక విడత వచ్చి పోయినట్టుంది, నుదురంతా చెమట. భార్య వరమ్మ మంచం కోడు దగ్గర కూర్చుని కొంగుతో విసురుతోంది. లీలమ్మను చూసి లేచి నిలబడింది.

“అక్కా, బేస్తారం కోస్తరంట. గుర్ద తీసేస్తరంట. నిజమేనా?”

“పెద్ద డాక్టరు చెప్పిండా?”

“రాసి పోయిండ్రు. నర్సమ్మ చదివి చెప్పింది. ఒకటి తీసినా మనిషి బతుకుతడంట గద.” వరమ్మ గొంతు తగ్గించింది. “బతుకుతడు సరే. బస్తా మోస్తడా? గది చెప్పు అక్కా. వంద సేర్ల బస్తా ఎత్తి నడుము మీద ఏసుకోవాలె. డొక్క కోసినంక ఎత్తుతడా?”

మెడ నుంచి నడుము దాకా ఆ వీపును లీలమ్మ బల్ల మీద చూసింది. అక్కడ జానెడు కోత పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

గుండయ్య కళ్లు తెరవకుండానే మాట్లాడాడు.

“సిస్టరమ్మా, ఒక మాట అడుగుత. ఏమనుకోకు. ఫోటోల ఎడమది లేదంట. సచ్చిపోయిందంట. మరి లేంది ఇంత నొస్తదా? పండ్లు కొరుక్కునేటట్టు? పీనుగకు నొప్పుంటదా?”

పక్క మంచం ముసలాయన నవ్వాడు. వరమ్మ “నువ్వూకో” అని కసిరింది. లీలమ్మ మాత్రం నవ్వలేదు. చదువుకున్న డాక్టరుకు ఫిల్ము చూపించి చెప్పినా ఎక్కని మాట, ఒక హమాలీ ఫిల్ము చూడకుండానే అంటున్నాడు.

అక్కడి నుంచి సర్జన్ జగన్నాథం గది ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన బెజవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది. చేతి నైపుణ్యం గురించి వార్డులో అందరూ మంచిగానే చెప్పుకుంటారు. గంటన్నర నిలబడ్డాక లోపలికి పిలిచాడు. లీలమ్మ ముప్పయ్యో నిమిషం ఫిల్ము బల్ల మీద పెట్టి, వేలితో ఎడమ మూత్రపిండం అంచు వెంట గీస్తూ చెప్పింది. ఆయన ఓపికగానే విన్నాడు.

“చూడమ్మా, రిపోర్టు మీద విఠల్‌రావుగారి సంతకం ఉంది. కనిపించలేదని ఆయన రాశారు. ఆగితే కనిపిస్తుందని మీరంటున్నారు. నేను ఎవరి మాట మీద కత్తి పట్టుకోవాలి?”

“ఎవరి మాట వద్దు సార్. ఇంకో ఫిల్ము తీస్తే అదే చెప్తది.”

“అయితే తీసుకురండి, తప్పకుండా చూస్తాను.”

“తీయాల్నంటే మల్ల మందు ఎక్కించాలె. మందుకు, ఫిల్ముకు విఠల్‌రావు సార్ సంతకం కావాలె.”

“ఆయన్నే అడగండి.”

“అడిగిన సార్.”

“ఏమన్నారు?”

“వద్దన్నడు.”

జగన్నాథం ఫిల్మును కవరులో పెట్టి ఆమె వైపు జరిపాడు. “మరి నన్నేం చెయ్యమంటారు? కుళ్లిన కిడ్నీ లోపల ఉంచేస్తే రేపు జ్వరమొచ్చి మనిషే పోతాడు. అప్పుడు నన్నడుగుతారు, మిమ్మల్ని కాదు.”

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా అనిపించింది. ఎవరిని అడిగినా సబబుగానే మాట్లాడుతున్నారు, ఎవరి గదిలో వాళ్లు. ఆ సబబు మాటలన్నీ కలిసి గుండయ్య డొక్క మీద కత్తి పెడుతున్నాయి.

మధ్యాహ్నం విఠల్‌రావును మళ్లీ పట్టుకుంది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

“సార్, అల్మారిల మందు సీసలు రెండున్నయి. ఒకటి గుండయ్యకు...”

“అవి రేపటికి. సెక్రటేరియట్ సోమశేఖర్ గారి అత్తగారు వస్తున్నది. గా సీసలు ఆయనే బొంబాయి నుంచి తెప్పిచ్చిండు. ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలని రెండు.” రుమాలు తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. “నువ్వు సర్జన్ కాడికి పోయినవంట.”

“పోయిన సార్.”

“నా రిపోర్టు తప్పని చెప్పెటందుకా?”

“గట్ల చెప్పలే సార్.”

“మరెట్ల చెప్పినవ్?” ఆమె జవాబు కోసం ఆగలేదు. “పదహారేండ్ల సంది చూస్తున్న నేను ఫిల్ములు. ఇగ గీ సంగతి మాట్లాడకు.”

బుధవారం పొద్దున ఏడు గంటలకు దవాఖాన ముందు కారు ఆగింది. సోమశేఖర్ అత్తగారు రంగనాయకమ్మ నెమ్మదిగా దిగింది. అరవై ఏళ్ల మనిషి, సన్నగా, ముఖాన పెద్ద కుంకుమబొట్టు. విఠల్‌రావు ఆరున్నరకే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద కొత్త దుప్పటి వేయించాడు.

రంగనాయకమ్మ మంచి మనిషి. మంగళసూత్రాలు తీసి పక్కకు పెట్టమంటే ఒక్క క్షణం తటపటాయించి, పసుపుతాడు మెడలో ఉంచుకోవచ్చా అని అడిగింది. లీలమ్మ సూత్రాలను జరిపి భుజం మీద పెట్టింది. పట్టీ బిగిస్తుంటే “నీ చెయ్యి చల్లగ ఉంది బిడ్డా” అంది. ఆవిడకూ నొప్పి ఎడమ డొక్కలోనే, వారం కింద మొదలైంది.

ఐదు నిమిషాలు. పదిహేను. ముప్పై.

చీకటిగదిలో ముప్పయ్యో నిమిషం ఫిల్మును లీలమ్మ ఎర్రదీపానికి ఎత్తి, ముఖం దగ్గరికి పెట్టి చూసింది. కుడివైపు నిండుగా ఉంది. ఎడమవైపు గిన్నెలు లేవు, నాళం లేదు. పెద్దగా, పాలనీళ్ల రంగులో మూత్రపిండం మాత్రం ఉంది.

విఠల్‌రావు ఈసారి తలుపు వెలుతురుకు ఎత్తలేదు. లైటు పెట్టె ముందు కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, వంగి చాలాసేపు చూశాడు. సోమశేఖర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఎట్లున్నది డాక్టర్‌సాబ్?”

“ఇప్పుడే ఏం చెప్పలేం సార్. ఆలస్యంగా రావచ్చు. ఆగి చూడాలె.” లీలమ్మ వైపు తిరిగాడు. “గంటకు ఒకటి తీయి. రాకుంటే రెండు గంటలకు. ఎన్నయినా తీయి, నేను ఈడనే ఉంట.”

లీలమ్మ ఆయన ముఖం వైపు చూసింది. ఆయన ఫిల్మునే చూస్తున్నాడు.

గంటకు తీసింది, ఏమీ లేదు. మంచు కరిగిపోతే శివయ్యను ఇంకో గడ్డకు పంపించారు. సోమశేఖర్‌కు సోడా వచ్చింది. బయట ఛాతీ ఫిల్ముల కోసం వచ్చిన పదిమందిని రేపు రమ్మన్నారు. రెండు గంటలకు తీసిన ఫిల్ము మీద, మబ్బులో దీపం పెట్టినట్టు, గిన్నెల ఆకారం మసకగా మొదలైంది. మూడో గంటకు అవి నిండాయి. నాళం తెల్లగా కిందికి దిగి, తుంటి ఎముక పక్కన టక్కున ఆగిపోయింది. ఆగిన చోట చిక్కుడు గింజంత రాయి.

“చూసిండ్రా సార్,” విఠల్‌రావు ముఖం వెలిగిపోయింది. పెన్సిలుతో నాళం వెంట చూపిస్తూ సోమశేఖర్‌తో చెబుతున్నాడు. “గుర్దకు ఏం కాలేదు. మందు గుంజుకున్నది గాని కిందికి ఇడువలేకపోయింది. నడుమ అడ్డం పడ్డది, గంతే. తొందరపడి ఉంటే సచ్చిపోయిందనుకునేటోళ్లం.”

సోమవారం తను అన్న మాటలు దాదాపు అవే. లీలమ్మ చేతిలోని ఖాళీ క్లిప్పును తొట్టి అంచు మీద పెట్టబోతే అది జారి నేలమీద ఖంగుమని పడింది. ఎవరూ ఇటు చూడలేదు.

కారు వెళ్లిపోయాక లీలమ్మ గడియ పెట్టుకుని చీకటిగదిలో కాసేపు నిలబడింది. ఏడవాలనిపించింది గాని ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. కవర్లలోంచి రెండు చిన్న ఫిల్ములు తీసింది, రెండూ పదిహేనో నిమిషంవి. ఫిల్ము డబ్బాలోని నల్లకాగితం చింపి, సీసపు అక్షరాలతో పేరూ నంబరూ పడ్డ మూలలను రెండింటికీ మూసేసింది. లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టింది.

విఠల్‌రావు కోటు తొడుక్కుంటూ బయలుదేరబోతున్నాడు.

“సార్, ఒక్క నిమిషం. రంగనాయకమ్మ గారిది పదిహేను నిమిషాలది కవర్ల పెట్టాలె. వీటిల ఆమెది ఏదో చెప్పుండ్రి.”

“పేరుంటది గద?”

“మూసిన సార్.”

ఆయనకు అర్థమైంది. ఆమె అది ముఖంలో చూసింది. అరుస్తాడనుకుంది. శివయ్య నీళ్ల బకెట్ పట్టుకుని వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. విఠల్‌రావు కోటు ఒక చెయ్యి తొడుక్కుని, ఇంకో చెయ్యి తొడుక్కోకుండా, పెట్టె ముందుకు వచ్చాడు. ఒకదాన్ని చూశాడు. రెండోదాన్ని చూశాడు. పక్కటెముకలు చూశాడు, వెన్నుపూసలు లెక్కపెట్టాడు. చివరికి కుడిపక్కదాని మీద వేలు పెట్టాడు.

“ఇది.”

లీలమ్మ నల్లకాగితం తీసింది. గుండయ్య, సోమవారం తేదీ.

ఆయన వేలు చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత కళ్లద్దాలు తీసి కోటుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు.

“రేపు ఎన్ని గంటలకు కోస్తరు?”

“పదింటికి సార్.”

“సీస ఒకటి మిగిలింది గద?”

“సోమశేఖర్ గారిది సార్ అది.”

“తెల్సు ఎవరిదో.” కోటు రెండో చెయ్యి తొడుక్కున్నాడు. “పేగులు ఖాళీ కావాలె, ఆముదం పోయించు ఇయ్యాల. ఆరింటికి వస్త.”

గురువారం ఆరు గంటలకు విఠల్‌రావు వచ్చి మందు ఎక్కించాడు. గుండయ్యకు ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. వరమ్మకు కోపం వచ్చింది.

“మల్ల ఎందుకక్కా? నిన్నటి సంది బువ్వ లేదు, రాత్రంతా ఆముదం తాపిస్తిరి. ఒక్కసారి తీసింది సాలదా? మీరు తప్పు తీస్తే మా ప్రాణం మీదికా?”

“అవును, తప్పు మాదే,” అంది లీలమ్మ. ఇంకేమీ చెప్పలేదు. చెబితే ఆశపెట్టినట్టవుతుంది.

ఏడున్నర ఫిల్ము సోమవారంలాగే ఉంది. ఎనిమిదింటిది కూడా. తొమ్మిదికి తీసింది, పాలనీళ్ల రంగు చిక్కబడింది గాని గిన్నెలు లేవు. నిన్న రంగనాయకమ్మకు మూడు గంటల్లో వచ్చింది. ఇతనికి మూడు గంటలూ దాటాయి. మూలలు మూసిన ఫిల్ములు డాక్టరు ముందు పెట్టి అడిగిన మనిషి తను. నిజంగానే చచ్చిపోయిందేమో. ఫిల్ములు తీయడం నేర్పిన మిషన్ దవాఖాన సిస్టరు, అడ్డం పడితే గిన్నెలు ఆలస్యంగా వస్తాయని ఎప్పుడో చెప్పిన మాటను తను తప్పుగా గుర్తుపెట్టుకుందేమో. మంచు కరిగి తొట్టి చుట్టూ నీళ్లయ్యాయి. శివయ్య చెప్పకుండానే ఇంకో గడ్డకు వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు ఆపరేషన్ గది నుంచి మనిషి వచ్చాడు, రోగిని పంపమని.

“ఇంకో గంట,” అన్నాడు విఠల్‌రావు.

పావుగంటకు జగన్నాథం తనే వచ్చాడు, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఎక్కడా తాకకుండా గాల్లో పట్టుకుని. “ఏమండీ, మీ రిపోర్టు మీదే కదా జాబితా వేసుకున్నాను. తర్వాత ఇంకో ఇద్దరున్నారు నాకు.”

“నా రిపోర్టు మీదనే ఆపుతున్న సార్. వాళ్లను ముందుగాల చేసుకోండ్రి.”

జగన్నాథం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేతులు అలాగే ఎత్తిపట్టుకుని వెళ్లిపోయాడు.

పదింబావుకు ఫిల్ము తీసింది. అప్పటికి పంకాలన్నీ తిరుగుతున్నాయి, యంత్రం మీద కరెంటు బలం చూపే ముల్లు పడిపోతోంది. నిలకడగా వచ్చేదాకా మీట మీద చెయ్యి పెట్టుకుని ఆగి, నొక్కింది. చీకటిగది తలుపు వేయబోతే విఠల్‌రావు వెనకే లోపలికి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదటిసారి. ఎర్రదీపం కింద ఇద్దరూ గడియారం చూస్తూ నిలబడ్డారు. హైపో వాసనకు ఆయన దగ్గాడు. ఐదు నిమిషాలు. ఆమె ఫిల్మును పైకెత్తింది.

ఎడమవైపు, వెడల్పుగా ఉబ్బిన గిన్నెలు మూడు, ఒకదాని కింద ఒకటి. వాటి కింద నాళం రెండంగుళాలు దిగి ఆగింది. వెన్నుపూస కొమ్ము పక్కన, ఇన్నాళ్లూ ఎముకలో కలిసిపోయి కనిపించని చోట, రాయి.

“ఉన్నది,” అన్నాడు విఠల్‌రావు. చాలా మెల్లగా అన్నాడు.

ఆ మధ్యాహ్నం జగన్నాథం రాయి మాత్రం తీశాడు. మూత్రపిండం జోలికి పోలేదు. ఆరు నెలలు బరువెత్తకుండా ఉంటే తర్వాత మెల్లగా మోసుకోవచ్చని వరమ్మతో చెప్పాడు. వరమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టింది. లీలమ్మ గుమ్మంలో నిలబడి ఉంటే, పక్కనుంచి పోతూ, “ఇంక ఆముదం లేదు గద అక్కా?” అని మాత్రం అడిగింది.

విఠల్‌రావు కొత్త రిపోర్టు రాసి ఆమె చేతికే ఇచ్చాడు, వార్డుకు చేర్చమని. నడవలో నడుస్తూ చదివింది. ఎడమ మూత్రపిండము ఆలస్యముగా కనిపించినది. నా ఆదేశము మీద నాలుగు గంటల వరకు ఫిల్ములు తీయబడినవి. నా ఆదేశము అన్న చోట ఆమె కళ్లు కాసేపు ఆగాయి. కాగితం కింద తీసినవారి పేరు రాయడానికి గీత కూడా లేదు. మడిచి వార్డు నర్సుకు ఇచ్చి వచ్చింది.

శనివారం సాయంత్రం విఠల్‌రావు పిలిపించాడు. బల్ల మీద పేర్ల పుస్తకం తెరిచి ఉంది. కొన్ని పేర్ల పక్కన ఎర్రపెన్సిలు గుర్తులున్నాయి. ఆయన కళ్లు వాచి ఉన్నాయి.

“కూసో,” అన్నాడు. ఆయన ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడే ఉంది.

“పోయిన దసర సంది చూసిన. కనిపించలేదని రాసినయి, గుండయ్యది గాక, పదకొండు.”

లీలమ్మ పుస్తకంలోని గుర్తుల వైపు చూసింది. పదకొండూ తను తీసినవే. పట్టీ తనే బిగించింది, తనే విప్పింది, ముప్పై నిమిషాలు కాగానే అయిపోయిందని చెప్పి లేపింది.

“ఎంతమందికి తీసేసిండ్రు సార్?”

“ఆర్గురికి.” పెన్సిలును బల్ల మీద దొర్లించాడు. “అవి నిజంగనే సచ్చిపోయినయేమో. కాకపోవచ్చు. ఇగ తెల్వది.” కొంచెం ఆగి అడిగాడు, తలెత్తకుండా. “మరి అప్పుడెందుకు చెప్పలే నువ్వు?”

“ఒకసారి చెప్పిన సార్. రెండేండ్లయింది. మీరు తిట్టిండ్రు.” గొంతు ఆమెకే గట్టిగా వినిపించింది. “అప్పటిసంది అడుగుడు బంద్ చేసిన.”

ఆయన తల ఊపాడు. గుర్తుందో లేదో ఆమెకు తెలియలేదు.

“గా ముసలామెకు నొప్పి రాకపోతే సార్?”

ఆయన పుస్తకం కింది నుంచి ఒక కాగితం తీశాడు. కాగితం మీద ఐదు పేర్లు రాసి ఉన్నాయి, ఆపరేషన్ మాటకు భయపడి వార్డు నుంచి వెళ్లిపోయినవాళ్లవి. ఊర్లూ వీధులూ సగం సగం. కాగితం ఆమె వైపు జరిపి, పక్కన నాలుగు సంతకాల చీటీలు పెట్టాడు. ఫిల్ముల చీటీలు. ఎన్ని ఫిల్ములో రాయవలసిన చోట ఖాళీగా వదిలేశాడు. ఐదోది రాయడం మరిచిపోయాడనుకుని ఆమె అడిగింది. ఒక పేరు చూపించాడు. కాగితం అడుగున, కొట్టివేసి ఉంది.

“గీమె పనిచేసే మండీల నుంచి ఖబరు వచ్చింది. మనిషి లేదు, సచ్చిపోయింది.”

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే లీలమ్మ, శివయ్యను వెంటబెట్టుకుని బహదూర్‌పురా వెళ్లింది. కాగితం మీది మొదటి అడ్రసులో ఉన్నది సున్నపు బట్టీ వెనక, కాశమ్మ అని మాత్రమే. మూడు గల్లీలు తిరిగి, నలుగురిని అడిగి, రేకుల ఇల్లు పట్టుకునేసరికి ఎండ ముదిరింది. కాశమ్మ అప్పుడే తట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరుతోంది. ముప్పై ఐదేళ్లుండవచ్చు, ఒక పక్కకు ఒంగి నడుస్తోంది. లీలమ్మను చూసి గుర్తుపట్టి, తట్ట దించకుండానే రెండడుగులు వెనక్కి వేసింది.

“నేను రాను. కోస్తమంటిరి గద, గందుకే గోడ దుంకి వచ్చిన. మల్ల ఇంటిమీదికి వచ్చిండ్రా?”

“కోసెటందుకు గాదు కాశమ్మా. అప్పుడు మేము సరిగ చూడలే. మల్ల చూస్తం.”

“సరిగ చూడందే కోస్తమన్నరా?”

శివయ్య ఏదో చెప్పబోయాడు. లీలమ్మ వద్దని చెయ్యి ఎత్తింది.

“అవును,” అంది.

కాశమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

“నాకు ఇప్పుడు యాల్ల లేదు. పనికి పోవాలె. పొద్దుగూకినంక వస్త.”

“పోయిరా. వచ్చినంకనే మాట్లాడుదం.”

“అప్పటిదాంక మీరేం చేస్తరు?”

లీలమ్మ గుమ్మం పక్కనున్న బండ మీది దుమ్ము చేత్తో తుడిచి, కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుంది.

“కూసుంట,” అంది.